మేకపిల్ల కాదు, మా అమ్మాయే

1966 చలికాలంలో నేను బోధన్ పశువుల ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. ప్రభుత్వ పశువైద్యుల హోదాల్లో అది మొదటి మెట్టు. అప్పటికి నా ప్రొబేషన్ ముగియలేదు. అంటే ఉద్యోగం ఉన్నట్టే గాని ఖాయమైనట్టు కాదు. నిజామాబాదులో ఉండే జిల్లా అధికారి నా పని బాగుందని పైకి రాస్తేనే నేను ప్రభుత్వానికి పూర్తిగా చెందుతాను.

చెరుకు గానుగాడే కాలం పశువైద్యుడికి ఊపిరి సలపని కాలం. రుద్రూర్ దిక్కు నుంచి, సరిహద్దు అవతలి మరాఠీ పల్లెల నుంచి చెరుకు బండ్లు వచ్చి చక్కెర ఫ్యాక్టరీ ముందరి మైదానంలో బారులు తీరేవి. దాన్ని అందరూ యార్డు అనేవారు. తూకం వంతు వచ్చేదాకా ఎడ్లు అక్కడే ఉండేవి. వాటి మెడల మీద కాడి రాపిడి పుండ్లకు మందు వేయడం, గాలికుంటు అనుమానం ఉన్న ఎద్దును మిగతా వాటి నుంచి విడదీయడం నా రోజువారీ పని. నోట్లో పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు వచ్చే ఆ జబ్బు ఒక ఎద్దుకు సోకితే బారు మొత్తానికి పాకుతుంది. అందుచేత ఆ కాలంలో నాకు సెలవు అనే మాట లేదు.

సరిగ్గా అప్పుడే నా భార్య సులోచనకు పరీక్షలు వచ్చాయి. ఆమె పంతులమ్మ. ట్రైనింగ్ పూర్తయితేనే జీతం పెరుగుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. చివరి పరీక్షలకు నిజామాబాదులో ఉండాలి. మా అమ్మాయి వనజకు అప్పుడు ఎనిమిదో నెల. పాలు మాన్పించి గంజి, మెత్తటి బువ్వ అలవాటు చేశాం. మా అత్తగారు బాల్కొండ నుంచి వచ్చి పిల్లను చూసుకోవాలన్నది ఏర్పాటు. ఆవిడ బస్సు ఎక్కబోయి కాలు బెణికించుకుని ఇంటికి తిరిగి వెళ్లిపోయారని కబురు వచ్చింది.

"అయితే నేను పోను. వచ్చే ఏడు రాస్త," అంది సులోచన, కట్టిన పెట్టె విప్పుతూ.

"నువ్వు పో. పిల్ల సంగతి నేను చూసుకుంట. రోజూ ఎడ్లను సంభాళిస్తున్నోణ్ణి, దీన్ని సంభాళించలేనా?" అన్నాను.

ఆమె నన్ను, పిల్లను మార్చి మార్చి చూసింది. ఆ చూపులో నమ్మకం ఎంతుందో నేను అడగలేదు. మరుసటి ఉదయం బస్సెక్కింది.

ఎనిమిది నెలల పిల్లలకు తమవాళ్లెవరో పరాయివాళ్లెవరో కొత్తగా తెలుస్తుంది. వనజకు ఆ తెలివి కాస్త ఎక్కువగానే వచ్చింది. మా ఇంటి యజమానురాలు రాజవ్వ ఆరుగురిని పెంచిన మనిషి. ఎత్తుకోగానే పిల్ల ఏడ్చిన ఏడుపుకు వీధిలో ఇద్దరు బయటికి వచ్చి చూశారు.

"ఓ సారూ, నీ బిడ్డ నన్ను జూస్తే పులిని జూసినట్టు జేస్తుంది. నీ దగ్గరనే ఉంచుకో," అని రాజవ్వ నా చేతుల్లో పెట్టేసింది. ఆసుపత్రిలో కాంపౌండర్ మహబూబ్ భాయ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, పిల్లిలా అరిచి చూశాడు. పిల్ల మరింత గట్టిగా ఏడ్చింది. ఆసుపత్రి వరండాలో కట్టేసిన గేదె కూడా అరవడం మొదలుపెట్టింది.

నా చంకలో ఉంటే మాత్రం నోరు మెదపదు. కాని ఒక చేత్తో పిల్లను పట్టుకుని ఇంకో చేత్తో ఎద్దు నోరు తెరవడం కుదిరే పని కాదు.

ఆలోచన టాంగా దగ్గర వచ్చింది. బస్టాండు ముందర గుర్రానికి పొట్టపట్టీ బిగిస్తున్న టాంగావాణ్ణి చూశాను. పట్టీ ఒక కొనకు రెండు రింగులు కుట్టి ఉన్నాయి. రెండో కొనను రెండింటి లోపల నుంచి బయటికి తీసి, పై రింగు మీదుగా వెనక్కు మడిచి, కింది రింగులోంచి లాగాడు. అంతే. ముడి లేదు, బకిలు లేదు. బరువు పడేకొద్దీ పట్టీ తన మీద తానే బిగుసుకుంటుంది. వదులు కావాలంటే పై రింగును కాస్త ఎత్తితే చాలు. తోలు పట్టీ చేసే పని గుడ్డ ఎందుకు చేయదు? గుర్రం పొట్టకు బదులు నా భుజం, నడుము. మధ్యలో గుడ్డ సంచిలా వంగిన చోట వనజ.

మొదట ఆసుపత్రిలో ఉన్న సామాన్లతో ప్రయత్నించాను. ఆంబోతు ముక్కుకు వేసే రాగి రింగులు మా దగ్గర ఉండేవి. అవి మధ్యలో విడిపోయి మరమేకుతో బిగుసుకునేవి. సులోచన నైలాన్ చీర ఒకటి తీసి వాటిలోంచి దూర్చి, లోపల తవుడు మూట పెట్టి వరండాలో అటూ ఇటూ నడిచాను. నైలాన్ నున్నటి గుడ్డ. రింగుల్లోంచి నూనె పోసినట్టు జారింది. బిగించబోతే ఒక రింగు మరమేకు ఊడింది. తవుడు మహబూబ్ భాయ్ పాదాల మీద కుప్పగా పడింది.

"సాబ్, గిప్పుడు లోపల బేబీ ఉంటే?" అన్నాడు ఆయన, పాదాలు దులుపుకుంటూ. ఆయన అడగక ముందే నాకు చెమట పట్టింది.

జీనులు కుట్టే దుకాణానికి వెళ్లి, అతుకు లేకుండా పోతపోసిన ఇత్తడి రింగులు రెండు ఏరుకున్నాను. పెద్ద గాజు అంత ఉన్నాయి. చుట్టూ వేలు తిప్పి ఎక్కడా గరుకు, సందు లేదని చూసుకున్నాను. గుడ్డ రాజవ్వ ఇచ్చింది. నాలుగైదు సార్లు ఉతికిన నేత చీర. మెత్తగా ఉంది, కాని గరుకుదనం పోలేదు. రింగు దాన్ని గట్టిగా పట్టుకుంది. దర్జీ ఒక కొనను కుచ్చిళ్లు పెట్టి రింగుల చుట్టూ మడిచి, వరస మీద వరసగా కుట్టాడు. ఏ గుర్రానికని అడిగాడు. చిన్న గుర్రానికని చెప్పాను.

ప్రాణం లేని బరువుతో పరీక్ష అయింది. ప్రాణం ఉన్న బరువు కావాలి. పిల్లలు మూటల్లా కదలకుండా ఉండరు కదా. ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన మేకపిల్ల ఒకటి ఉంది. ఇంచుమించు వనజ బరువే. దాని యజమాని సాయంత్రం వచ్చి తీసుకుపోతానని బజారుకు వెళ్లాడు. దాన్ని గుడ్డలో నిలువుగా కూర్చోబెట్టి, అంచులు బిగించి, బజారు చివరిదాకా నడిచి వచ్చాను. అది తన్నింది, గింజుకుంది, నా చొక్కా గుండీ నమిలింది, చివరికి చొక్కా తడిపింది. కాని జారలేదు. రింగులు అంగుళం కూడా కదలలేదు. నాకు చాలా సంతృప్తి కలిగింది. తల బయట పెట్టి అరుస్తున్న మేకపిల్లను ఛాతీకి కట్టుకుని, తడిసిన చొక్కాతో నవ్వుకుంటూ నడుస్తున్న ప్రభుత్వ డాక్టరును బజారు ఎలా చూసిందో అప్పుడు నేను గమనించలేదు.

వనజను వేసినప్పుడు మొదట అడ్డంగా, ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాని రెండు అడుగులు వేసేసరికి ఆమె ఊపిరి గురగురమని వినిపించింది. గుడ్డ లోపల వీపు గుండ్రంగా వంగి, గడ్డం ఛాతీకి ఆని ఉంది. దూడ మెడ వంచి పట్టుకుంటే గొంతు గొట్టం మడత పడి ఊపిరి ఆడదని మాకు కాలేజీలో మొదటి ఏడే నేర్పుతారు. వెంటనే పైకి తీసి నిలబెట్టాను. అప్పటి నుంచి నా నియమాలు ఇవి. పిల్ల నిలువుగా, నా పొట్టకు పొట్ట ఆనించి కూర్చోవాలి. గడ్డం పైకి ఉండాలి, ముక్కూ నోరూ నాకు ఎప్పుడూ కనిపించాలి. తల కొద్దిగా వంచితే నుదురు ముద్దు పెట్టుకునే ఎత్తులో ఉండాలి. గుడ్డ ఒక మోకాలి మడత నుంచి ఇంకో మోకాలి మడత దాకా పరుచుకుని, మోకాళ్లు పిరుదుల కన్నా పైకి, కప్ప కూర్చున్నట్టు ఉండాలి. అప్పుడు బరువు తొడల మీద పడుతుంది, వేలాడదు. బిగించేటప్పుడు మొత్తం ఒక్కసారి లాగకూడదు. పై అంచు వేరుగా, కింది అంచు వేరుగా, వీపుకు గుడ్డ అతుక్కునే దాకా. రింగులు భుజం ఎముకకు కొద్దిగా కింద ఉండాలి. నేలమీది వస్తువు తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్లు వంచి కూర్చోవాలి, ఒక చేయి పిల్ల వీపు మీద ఉండాలి. సైకిల్ ఎక్కకూడదు. ఎద్దును ముట్టుకునేటప్పుడు పిల్ల నా ఒంటి మీద ఉండకూడదు.

ఈ చివరి నియమం కష్టమైంది. మహబూబ్ భాయ్ ఎద్దును పట్టుకుని మందు వేస్తుంటే నేను పది అడుగుల దూరంలో నిలబడి, చూసి, చెప్పేవాణ్ణి. నేనే ముట్టుకోవాల్సి వస్తే పిల్లను బండి నీడలో చాప మీద దించి, ఆమె ఏడుస్తుంటే గబగబా పని ముగించేవాణ్ణి. వనజకు మాత్రం యార్డు తెగ నచ్చింది. ఎద్దుల గంటలు, చెరుకు మోపులు, ఫ్యాక్టరీ పొగ చూసి చూసి నా ఛాతీ మీదే నిద్రపోయేది.

బండ్లవాళ్లు ఊరుకుంటారా? "సారూ, గిదేంది? సంచిల కోడిపిల్లలా?" అని ఒకడు. "కాదుర, మొన్న బజార్ల మేకపిల్లను కట్టుకొని పోయిండు, నేను సూసిన. గదే గిది," అని ఇంకొకడు. పక్కకు తిరిగి ఉన్న పిల్ల తల నల్లగా, గుండ్రంగా కనిపించేది తప్ప ముఖం దూరానికి కనిపించేది కాదు. డాక్టరు రైతుల దగ్గర లంచం కింద మేకపిల్లలు తీసుకుంటున్నాడని, వాటిని దాచడానికి గుడ్డలో కట్టుకు తిరుగుతున్నాడని ఎవరో జిల్లా అధికారికి కబురు చేశారు. చేసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, అడగాలనీ అనిపించలేదు.

జిల్లా అధికారి నిజాం కాలం నుంచి నౌకరీ చేస్తున్న హైదరాబాదీ. మెడ దాకా గుండీలు పెట్టిన షేర్వాణీ, చేతిలో బెత్తం. పెళ్లి చేసుకోలేదు. తనిఖీకి వస్తే గోడ మీద సున్నం కూడా గోళ్లతో గీకి చూసేవారు. ఆయన ముందు చెప్పకుండా జీపులో నేరుగా యార్డుకు వచ్చారు. నేను ఇటు తిరిగేసరికి నా వెనక నిలబడి ఉన్నారు.

"డాక్టర్, ఆ మూట విప్పండి," అన్నారు.

"విప్పడం కుదరదు సార్. ఇప్పుడే నిద్రపోయింది," అన్నాను నెమ్మదిగా.

ఆయన కనుబొమలు లేచాయి. "నిద్రపోయిందా? మేకపిల్ల నిద్రపోయిందని నాకు చెబుతున్నారా?"

ఆ గొంతుకు వనజ లేచింది. తల తిప్పి, ఆయన్ని చూసి, ఏడవకుండా చేయి చాచి కళ్లజోడు అందుకుంది. ఆయన కళ్లజోడు వెనక్కు తీసుకున్నారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"ఇది మేకపిల్ల కాదు," అన్నారు.

"కాదు సార్. మా అమ్మాయే."

"డ్యూటీలో పిల్లను కట్టుకు తిరగడం ఏ రూల్లో ఉంది?"

కూడదని ఏ రూల్లోనూ లేదని చెప్పాలో, క్షమించమని చెప్పాలో తేల్చుకునేలోపు బారు చివర కేకలు లేచాయి. "సారూ, ఉరికి రాండ్రి! నా ఎద్దు సస్తుంది!"

పరుగెత్తలేను కాబట్టి పిల్ల వీపు మీద చేయి పెట్టుకుని పెద్ద పెద్ద అడుగులు వేశాను. అధికారి గారూ వెంట వచ్చారు. తెల్లటి ఎద్దు మెడ చాచి, నోట్లోంచి నురగ తీగల్లా కారుతుంటే తల ఊపుతోంది. ఎడమ డొక్క అప్పటికే డోలులా ఉబ్బింది. చెరుకు ముక్క గొంతులో అడ్డం పడింది. పశువు కడుపులో గాలి ఎప్పటికప్పుడు తేన్పులుగా బయటికి పోవాలి. గొంతు మూసుకుంటే గాలి పోదు, ఉబ్బి ఊపిరి ఆగుతుంది. ఆ రైతుకు ఉన్నది ఆ ఒక్క జత. అతని పేరు నర్సన్న. ఎద్దు మెడ పట్టుకుని, "నా కొడుకా, నా కొడుకా," అంటున్నాడు.

ఇది దూరం నుంచి చెప్పి చేయించే పని కాదు. చాప వేయడానికి ఆ చివర నీడ లేదు, చుట్టూ బెదిరిన ఎద్దులు. మహబూబ్ భాయ్ నోరు తెరిచి ఉంచే ఇనప పనిముట్టు, గ్యాగ్ అంటాం, అది పట్టుకోవాలి. బండ్లవాళ్లు ముక్కుతాడు పట్టాలి. పని లేకుండా నిలబడిన మనిషి యార్డంతటికీ ఒక్కరే కనిపించారు.

"సార్, బెత్తం కింద పెట్టండి," అన్నాను.

ఆయన ఎందుకో వెంటనే పెట్టేశారు. పై రింగు ఎత్తి గుడ్డ వదులు చేసి, పిల్లను ఒక చేత్తో ఎత్తుకుని, గుడ్డను నా తల మీదుగా తీసి ఆయన భుజానికి వేశాను. పిల్లను ఆయన ఛాతీకి ఆనించి, కాళ్లు కప్పలా సర్ది, మోకాళ్ల దాకా గుడ్డ లాగాను. "పై అంచు పట్టి లాగండి సార్. ఇప్పుడు కింది అంచు. ఇంకా. ఆమె మీకు అతుక్కోవాలి. ముక్కు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అన్నారు, తుపాకి చూసిన మనిషిలా.

"కనిపించకపోతే నన్ను పిలవండి. నీడలో నడుస్తూ ఉండండి. నిలబడితే ఏడుస్తుంది."

ఎద్దు దగ్గరికి వెళ్లాను. మెడ ఎడమ పక్కన తడిమితే చెరుకు ముక్క చేతికి తగిలింది. బయటి నుంచి బొటనవేళ్లతో దాన్ని కొద్దికొద్దిగా గొంతు పైకి నెట్టాను. ఎద్దు రెండుసార్లు నన్ను బండి చక్రానికేసి విసిరింది. ముక్క నాలుక మొదటికి చేరాక గ్యాగ్ పెట్టించి, నోట్లో మోచేతి దాకా చేయి పెట్టాను. వేళ్లకు చిక్కింది, జారింది, మళ్లీ చిక్కింది. లాగగానే ఎద్దు తేన్చింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది, కాని ఆ రోజు అంతకన్నా మంచి వాసన లేదనిపించింది. డొక్క మెల్లగా దిగింది. నర్సన్న నేలమీద కూలబడి ఏడ్చాడు.

చేతులు కడుక్కుంటుండగా గాని నాకు మా పిల్ల గుర్తుకు రాలేదు. ఏడుపు వినిపించడం లేదు. తిరిగి చూస్తే యార్డులో బండ్లవాళ్లంతా ఒక దిక్కే చూస్తున్నారు. షేర్వాణీ మీద రాజవ్వ నేత చీర కట్టుకుని, పిల్ల వీపు మీద చేయి పెట్టి, జిల్లా అధికారి గారు బండ్ల బారు వెంట మెల్లగా నడుస్తున్నారు. వనజ ఆయన పై గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. నడుస్తూ నడుస్తూనే తనిఖీ కూడా చేస్తున్నారు. ఒక్కో ఎద్దుకు కాస్త దూరంలో ఆగి, గొంతు బాగా తగ్గించి, "దీని మెడకు మందు ఎప్పుడు వేశారు?" అని అడుగుతున్నారు. బండివాళ్లు కూడా అంతే మెల్లగా చెవిలో చెబుతున్నట్టు జవాబిస్తున్నారు.

సరిహద్దు అవతలి నుంచి చెరుకు కొట్టే పనికి వచ్చిన ఒక తల్లి, చంకలో బిడ్డతో ఆయన వెనకే నడుస్తూ రింగులను వంగి వంగి చూస్తోంది. "హే కసం బాంధలం, సాహెబ్?" ఎలా కట్టారు అని అడిగింది. నా దిక్కు చూపిస్తారనుకున్నాను. ఆయన ఆగి, వచ్చీరాని మరాఠీలో తానే ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు. "ముందు పై అంచు. తర్వాత కింది అంచు. ముక్కు కనిపించాలి. అది ముఖ్యం."

పిల్లను తీసుకోవడానికి వెళితే వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "నిద్ర వస్తోంది. బారు చివరిదాకా వెళ్లి వస్తాను," అన్నారు. వెళ్లి వచ్చారు. నేను బెత్తం పట్టుకుని వెనకే నడిచాను.

జీపెక్కే ముందు రుమాలుతో గుండీ తుడుచుకుంటూ అన్నారు, "ఫిర్యాదు మేకపిల్ల గురించి వచ్చింది. మేకపిల్ల లేదు. ఆడమనిషి చేసే పని మగవాడు చేస్తున్నాడని ఫిర్యాదు వస్తే అప్పుడు చూద్దాం." కాస్త ఆగి, "వస్తే నా మీద కూడా రావాలి," అన్నారు. నా ప్రొబేషన్ ఆ వేసవిలో పూర్తయింది.

సులోచన పరీక్షలు ముగించుకుని బస్సు దిగేసరికి, జిల్లా అధికారి మా బిడ్డను షేర్వాణీలో పెట్టుకుని యార్డు తిప్పాడన్న వార్త ఆమెకు బస్టాండులోనే అందింది. ఇంటికి వచ్చి పిల్లను నిలువునా తడిమి చూసుకుంది. తర్వాత గుడ్డ భుజాన వేసుకుని, రింగులు గట్టిగా గుంజి చూసి, "భుజం మీద గుడ్డ తాడులా ముడుచుకుపోయింది. ఇట్ల విప్పి పరుచుకుంటే మెడ నొయ్యదు. ఇన్ని రోజులు నొయ్యలేదా?" అంది. నొచ్చింది. ఎద్దు విసిరినందుకు నొస్తోందని అనుకున్నాను.

"ఒగ మొగోడు మొదలువెడితే ఇంకో మొగోడు కట్టుకునే," అని రాజవ్వ చాలా కాలం నవ్వింది. చెరుకు పనికి వచ్చిన తల్లులు కొందరు అలాంటివి కుట్టించుకున్నారు. ప్రతి ఒక్కరికీ నేను చెప్పింది ఒకటే. నడిచేటప్పుడు కట్టుకోండి, కొడవలి పట్టినప్పుడు మాత్రం పిల్ల ఒంటి మీద ఉండొద్దు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల నౌకరీలో కొత్త పనిముట్టు ఏది చేతికి వచ్చినా ముందు ప్రాణం లేని బరువుతో, తర్వాత ప్రాణం ఉన్న బరువుతో పరీక్షించాకే వాడాను. ఆ రెండో పరీక్ష మాత్రం బజారులో చేయలేదు. రెండు చేతులూ కావలసిన పని ఎదురైతే, చేతిలో ఉన్నది దగ్గరలో ఉన్న మనిషికి ఇచ్చి, ఎలా పట్టుకోవాలో స్పష్టంగా చెప్పాలి. ఆ మనిషి హోదా ఏమిటన్నది పని అయ్యాక ఆలోచించవచ్చు.